గీత తిన్నగానే ఉంది, లెక్కే తప్పింది: ఒక కార్బన్ నానోట్యూబ్ కాథోడ్ కేసు

ముందుగా ఒక మాట. ఈ కేసు రాస్తానంటే క్లయింట్ రెండు షరతుల మీద ఒప్పుకున్నారు. సంస్థ పేరు రాకూడదు, వాళ్ల ఎక్స్‌రే ట్యూబు కొలతలు బయటపడకూడదు. అందుకని ఇక్కడ కనిపించే కొలతలన్నీ మా బెంచి మీద పెట్టిన పరీక్ష నమూనావి. అంకెల్ని కాస్త గుండ్రం చేశాను. జరిగిన తప్పుల్లో సగం నావే, వాటిని మాత్రం గుండ్రం చేయలేదు.

నేపథ్యం

బెంగళూరు పీణ్యలో మాకో చిన్న వర్క్‌షాపు ఉంది. వ్యాక్యూమ్ చాంబర్లు కట్టడం, లీకులు పట్టడం, ఎవరైనా ఎలక్ట్రాన్ సోర్స్ తెస్తే కొలిచి రిపోర్టు ఇవ్వడం మా పని. నాతోపాటు ఒక జూనియర్ ఇంజనీరు అమ్మాయి, ఒక టెక్నీషియన్ ఉంటారు. టెక్నీషియన్ కోలారు వైపు తెలుగాయన. వయసులో నాకంటే పెద్ద, అందుకే అందరం అన్నా అనే పిలుస్తాం. చాంబరు తలుపు మూసేటప్పుడు బోల్టు బిగింపు చేతికి తగిలిన తీరునుబట్టే లీకు ఉందో లేదో చెప్పేస్తాడు. చాలాసార్లు ఆయన చెప్పిందే నిజమవుతుంది.

క్లయింట్ ఒక చిన్న స్టార్టప్. చేత్తో మోసుకెళ్లే ఎక్స్‌రే యంత్రానికి కార్బన్ నానోట్యూబులతో (కార్బన్ పరమాణువుల అతి సన్నటి గొట్టాలు) కోల్డ్ కాథోడ్, అంటే వేడి చేయకుండానే ఎలక్ట్రాన్లు వదిలే భాగం, చేస్తున్నారు. మామూలు ఎక్స్‌రే ట్యూబులో టంగ్‌స్టన్ ఫిలమెంటు రెండు వేల డిగ్రీలు దాటి కాగితే గాని ఎలక్ట్రాన్లు బయటికి రావు. అది వేడెక్కడానికి కొంత సమయం, బ్యాటరీలోంచి కొంత కరెంటు పోతాయి. కోల్డ్ కాథోడ్ వాడే ఫీల్డ్ ఎమిషన్ పద్ధతిలో వేడి అక్కర్లేదు. లోహం లోపలి ఎలక్ట్రాన్‌కి ఉపరితలం ఒక గోడ లాంటిది. కార్బన్ నానోట్యూబుకి ఆ గోడ ఎత్తు సుమారు 5 ఎలక్ట్రాన్ వోల్టులు. ఫిలమెంటు పద్ధతిలో ఎలక్ట్రాన్‌కి వేడి రూపంలో బలమిచ్చి గోడ దూకిస్తాం. ఫీల్డ్ ఎమిషన్‌లో బయట బలమైన విద్యుత్ క్షేత్రం పెడితే గోడే పలచబడుతుంది, ఎలక్ట్రాన్ దూకకుండానే అవతలికి తేలుతుంది. ఫౌలర్, నార్డ్‌హైమ్ అనే భౌతిక శాస్త్రవేత్తలు 1928లో రాసిన సూత్రం చెప్పేది ఇదే.

ఆ గోడ పలచబడాలంటే కొన దగ్గర నానోమీటరుకి 3 నుంచి 7 వోల్టులదాకా కావాలి. చదును పలకల మధ్య అంత పెట్టబోతే నిప్పురవ్వ లేచి పలకలే పాడవుతాయి. అందుకే సూది మొన కావాలి. గుడి శిఖరం మీద పిడుగు ఎందుకు పడుతుందో అదే కారణంతో మొన దగ్గర క్షేత్రం పోగవుతుంది. ఎన్ని రెట్లు పోగవుతుందో చెప్పే అంకెని బీటా అంటాం. నానోట్యూబు పొడవుని దాని కొన వ్యాసార్ధంతో భాగిస్తే వచ్చేదానికి కాస్త అటూఇటూగా ఉంటుంది. 10 మైక్రాన్ల పొడవు, 10 నానోమీటర్ల వ్యాసార్ధం ఉంటే వెయ్యి. 1991లో జపాన్ శాస్త్రవేత్త ఇజీమా పత్రంతో నానోట్యూబులు అందరి నోళ్లలో నానిన నాలుగేళ్లకే, 1995లో, డి హీర్ బృందం వాటి ఫిల్ముతో ఎలక్ట్రాన్ సోర్స్ చేసి చూపించింది. ఆ ఆకారం అంత ఆశ పుట్టించింది.

వచ్చిన సమస్య

"సార్, మా కాథోడ్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కాకపోతే నిలబడట్లేదు." ఫోనులో మొదటి మాట ఇది. పనిచేయకపోతే ఒక రకం జబ్బు, నిలవకపోతే ఇంకో రకం. రెండోదే అని నేను వెంటనే నమ్మేశాను. మొదటిది కూడా ఉండొచ్చని అనుమానం రాలేదు.

వాళ్లు చేస్తున్నది స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతి. నానోట్యూబు పొడిని ఇథైల్ సెల్యులోజ్ (జిగురు), టెర్పినియోల్ (ద్రావకం)తో కలిపి పేస్టు చేసి, స్టీలు బిళ్ల మీద 5 మిల్లీమీటర్ల గుండ్రటి మచ్చగా అచ్చేస్తారు. అంటే వైశాల్యం దాదాపు 0.2 చదరపు సెంటీమీటరు. కొలిమిలో కాల్చాక ట్యూబులు పడుకునే ఉంటాయి. పైన టేపు అతికించి లాగితే కొన్ని లేచి నిలబడతాయి. ఇది వినడానికి మోటుగా ఉన్నా ఈ రంగంలో అందరూ చేసేదే. తర్వాత రెండు గాజు ముక్కల్ని స్పేసర్లుగా పెట్టి, 300 మైక్రాన్ల ఎడంలో పైన ఎలక్ట్రాన్లని అందుకునే యానోడ్ పలక ఉంచుతారు. హై వోల్టేజి సప్లైకీ బిళ్లకీ మధ్య, కరెంటు హద్దు మీరకుండా అడ్డుపడే 1 మెగాఓమ్ బలాస్ట్ రెసిస్టర్.

వాళ్లు పంపిన షీటులో మూడు అంకెలకు పసుపు రంగు పూసి ఉంది. టర్న్-ఆన్ ఫీల్డ్ (ఎమిషన్ మొదలైందని లెక్కపెట్టే క్షేత్రం) మైక్రాన్‌కి 1.0 వోల్టు. బీటా 6600. 895 వోల్టుల దగ్గర 195 మైక్రోఆంపియర్లు, అంటే చదరపు సెంటీమీటరుకి ఇంచుమించు ఒక మిల్లీఆంపియర్, వాళ్లకి కావలసింది కూడా అంతే. బాధ ఏమిటంటే, రాత్రంతా ఒకే వోల్టేజి మీద వదిలేస్తే పొద్దునకి కరెంటు నాలుగో వంతుకి దిగుతోంది. మూడో రోజున స్పార్కు వచ్చి మచ్చలో గుంట పడుతోంది. తమ చాంబర్లో వ్యాక్యూమ్ చాలట్లేదని వాళ్ల అనుమానం. మంచి వ్యాక్యూమ్‌లో ఇదే పరీక్ష చేసిపెట్టమన్నారు.

షీటు కింద ఎఫ్-ఎన్ (ఫౌలర్-నార్డ్‌హైమ్) ప్లాట్ ఉంది. కరెంటుని వోల్టేజి వర్గంతో భాగించి, లాగరిథం తీసి, వోల్టేజి తిరగేసిన విలువ (1/వోల్టేజి) ఎదురుగా గీస్తే ఫీల్డ్ ఎమిషన్ అయితే సరళరేఖ వస్తుంది. వీళ్లది మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. తిన్నటి గీత చూడగానే కొలిచేవాడి మనసు చల్లబడుతుంది. నాదీ చల్లబడింది. కింది చివరి బిందువులు కొన్ని పైకి లేచి ఉన్నాయి, వాటి పక్కన "నాయిస్, తీసేశాం" అని రాసి ఉంది. అది చదివాను, తలూపాను కూడా.

మొదట చేసింది: వ్యాక్యూమ్

వాళ్ల చాంబర్లో పీడనం 10⁻⁵ టార్ (ఈ అంకె ఎంత చిన్నదైతే వ్యాక్యూమ్ అంత మంచిది). మా టర్బో పంపు మీద, 150 డిగ్రీల దగ్గర రాత్రంతా బేకింగ్ చేస్తే, అంటే చాంబరుని వేడిచేసి లోపల అంటిన తేమ వదిలిస్తే, 10⁻⁷ టార్ వస్తుంది. ముందు ఇటే వెళ్లడానికి కారణం ఉంది. కాథోడ్‌కీ యానోడ్‌కీ మధ్య గ్యాపులో మిగిలిన వాయువుని ఎలక్ట్రాన్లు గుద్ది అయాన్లుగా మారుస్తాయి. ధన అయాన్లు వెనక్కి కాథోడ్ మీదికే దూకి మొనల్ని కొట్టేస్తాయి. పైగా వేడెక్కిన నానోట్యూబుకి ఆక్సిజన్ తగిలితే అది కాలిపోతుంది. కాబట్టి వాళ్ల అనుమానం తర్కంగానే ఉంది. పోలిక చెడకూడదని వాళ్ల గాజు ముక్కలు, వాళ్ల రెసిస్టరు, అదే అమరిక యథాతథంగా మా చాంబర్లోకి దించాం.

అప్పుడు జూలై. ఆ నెలలో చాంబరు తెరిస్తే గోడలన్నీ తేమ పీల్చుకుంటాయి, పంపు సగం రోజు నీళ్లతోనే కుస్తీ పడుతుంది. చాంబరులోకి పొడి నైట్రోజన్ వదిలి (వెంట్ చేసి), తలుపు తెరిచి ఉండే సమయం పది నిమిషాలు దాటకుండా అన్న కాపలా కాశాడు.

బేకింగ్ అయ్యాక మొదటి కొలతలో అదే కరెంటు కోసం ఇంకో 40 వోల్టులు ఎక్కువ పెట్టాల్సి వచ్చింది. క్లయింట్ ముఖం మాడిపోయింది. "మీ వ్యాక్యూమ్‌లో ఇంకా చెడిందేంటి సార్?" అన్నాడు. చెడలేదు. మొన మీద అంటుకున్న నీటి అణువులు ఎమిషన్‌కి సాయం చేస్తాయి. బేకింగ్‌లో అవి ఎగిరిపోతే కరెంటు తగ్గుతుంది. ఇన్నాళ్లూ వాళ్లు చూసిన "బ్రహ్మాండం"లో కొంత వాటా తేమదన్నమాట.

రాత్రి గడిచాక కరెంటు నాలుగో వంతుకి కాక సగానికి ఆగింది. అంటే తప్పులో వ్యాక్యూమ్‌కి కొంత భాగం ఉంది, మిగతాది ఇంకెక్కడో ఉంది. వోల్టేజి హెచ్చుతగ్గుల మీద అనుమానంతో మధ్యలో రెండు రోజులు స్టెబిలైజరు పెట్టి చూశాం. అందులో ఏమీ లేదు.

ఫలించనిది: ఇంకా చిక్కటి పేస్టు

రెండో ప్రయత్నం క్లయింట్ సూచన. ట్యూబులు ఎక్కువ వేస్తే ఒక్కోదాని మీద భారం తగ్గుతుంది కదా, పేస్టులో నానోట్యూబుల పాలు మూడింతలు చేద్దాం అన్నారు. నాకు మనసు ఒప్పలేదు. గట్టిగా కాదనడానికి చేతిలో కొలత లేదు. అలాంటప్పుడు ఒక బిళ్ల ఖర్చుపెట్టి చూడటమే చవక. చేశాం. టర్న్-ఆన్ ఇంకా పైకి పోయింది, కరెంటు తగ్గింది.

వరి నాట్లు వేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కుదురుకీ కుదురుకీ ఎడం లేకపోతే ఏదీ ఎదగదు. పక్కపక్కనే నిలబడిన ట్యూబులు ఒకదాని క్షేత్రాన్ని ఒకటి మరుగు చేసుకుంటాయి. ఎడం సుమారు ఎత్తుకి రెండింతలు ఉంటే మేలని ఈ రంగంలో స్థిరపడిన లెక్క. 10 మైక్రాన్ల ఎత్తున్న ట్యూబులకి 20 మైక్రాన్ల ఎడమంటే చదరపు మిల్లీమీటరుకి 2500 మాత్రమే. పేస్టు మచ్చలో అంతకి ఎన్నో రెట్లు ట్యూబులు ఉంటాయి. చిక్కదనం పెంచడమంటే గుంపుని ఇంకా చదును చేయడమే. చదును పలకకి బీటా ఒకటి.

లెక్క తప్పని తెలిసిన సాయంత్రం

రెండు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం జూనియర్ రిపోర్టు టైపు చేస్తూ ఆగింది.

"సార్, బీటా 6600 అని రాయాలంటే చెయ్యి రావట్లేదు."

"ఏమైందమ్మా?"

"895 వోల్టుల్ని 300 మైక్రాన్లతో భాగిస్తే 2.98. దాన్ని 6600తో గుణిస్తే కొన దగ్గర నానోమీటరుకి 19.7 వోల్టులు వస్తున్నాయి. గోడ ఎత్తు 5 అయితే 17.4 దగ్గరే గోడ పూర్తిగా కూలిపోవాలి కదా సార్?"

నేను కాగితం లాక్కుని మళ్లీ వేశాను. క్షేత్రం వల్ల గోడ ఎంత కుంగుతుందో చెప్పే సూత్రం చిన్నదే. నానోమీటరుకి వోల్టుల్లో క్షేత్రం తీసుకుని, వర్గమూలం కట్టి, 1.2తో గుణిస్తే ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. 17.4కి వర్గమూలం 4.17. దాన్ని 1.2తో గుణిస్తే సరిగ్గా 5. ఆ పిల్ల చెప్పింది నిజం. గోడే మిగలని చోట గోడలోంచి ఎలా దూరాయో లెక్కగట్టి, ఆ లెక్కని పసుపు రంగుతో అలంకరించి, రెండు వారాలు దాని చుట్టూ తిరిగాం.

బీటా అనేది ఆ గీత వాలులోంచి వస్తుంది. గీత ఎంత పడుకుంటే బీటా అంత పెద్దది. కాబట్టి మా గీత ఉండాల్సినదానికంటే చదునుగా ఉంది. అందుకు రెండే దారులు: మనం రాసుకున్న వోల్టేజి గ్యాపులో నిజంగా ఉన్న వోల్టేజి కాకపోవాలి, లేదా మనం రాసుకున్న కరెంటు మొనల్లోంచి వచ్చిన కరెంటు కాకపోవాలి. మా కేసులో రెండూ నిజమే.

వోల్టేజి సంగతి కూర్చున్నచోటే తేలింది. 195 మైక్రోఆంపియర్లు 1 మెగాఓమ్‌లోంచి పోతే 195 వోల్టులు అక్కడే దిగిపోతాయి. షీటులో 895 అని ఉన్నది సప్లై మీటరు అంకె. గ్యాపుకి చేరింది 700. కింది చివర కరెంటు తక్కువ కాబట్టి రెసిస్టరు తినేది దాదాపు శూన్యం, పై చివర ఐదో వంతు. గీత పై కొస ఒక్కటే పక్కకి జరిగి మొత్తం వాలు పడుకుంది. ఈ తప్పు నా షెడ్డులో నా కళ్లముందే జరిగింది.

కరెంటు సంగతికి ఒక పాత పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. వైర్లు తిప్పి కలపాలి. నానోట్యూబుల వైపు ధనం, నున్నటి స్టీలు పలక వైపు ఋణం పెడితే స్టీలుకి మొనలు లేవు, ఎమిషన్ రాకూడదు. 300 వోల్టులు పెట్టాం. మీటరు 2 మైక్రోఆంపియర్లు చూపించింది. తిరిగి మామూలుగా కలిపాం. అప్పుడూ 2 మైక్రోఆంపియర్లే. ఎటు పెట్టినా ఒకటే అంటే అది 150 మెగాఓమ్‌ల మామూలు లీకేజీ. ఎలక్ట్రాన్లు శూన్యంలో ఎగరట్లేదు, ఎక్కడో పాకుతున్నాయి.

ఇంకో చిక్కు ఇందులోనే ఉంది. టర్న్-ఆన్ అంటే చదరపు సెంటీమీటరుకి 10 మైక్రోఆంపియర్లు వచ్చే క్షేత్రం అని వాళ్ల నిర్వచనం. చాలామంది అదే వాడతారు, కొందరు ఇంకా తక్కువ కరెంటుని తీసుకుంటారు. 0.2 చదరపు సెంటీమీటరుకి అది సరిగ్గా 2 మైక్రోఆంపియర్లు. 300 వోల్టులు, 300 మైక్రాన్లు, మైక్రాన్‌కి 1.0 వోల్టు. వాళ్లు పెట్టుబడిదారులకి చూపిస్తున్న ఆ అంకెలో నానోట్యూబు పాత్ర ఏమీ లేదు. అది గాజు ముక్క కొలత. "నాయిస్" అని కొట్టేసిన ఆ పైకి లేచిన బిందువులు మొదటి రోజు నుంచీ ఇదే చెబుతున్నాయి. లీకేజీకి ఎఫ్-ఎన్ ప్లాట్‌లో అదే ఆకారం వస్తుంది.

పాకుతున్నదెక్కడో అన్న చూశాడు. చాంబరు తెరిచి, గాజు ముక్కని పట్టకారుతో తీసి, వాచీ రిపేరువాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం పెట్టి ట్యూబులైటు కింద తిప్పాడు. "ఇదిగో, కాటుక పెట్టుకుంది చూడు" అని చేతిలో పెట్టాడు. గాజు నిలువు అంచు మీద, కింది కొస నుంచి పై కొస దాకా, వెంట్రుకకంటే సన్నటి బూడిద రంగు గీత. టేపు లాగాక వదులైన నానోట్యూబులు మచ్చ అంచున ఉంటాయి. స్పేసరుని పక్కనుంచి జరుపుతూ లోపలికి తోసేటప్పుడు అవి అంచుకి రాసుకుని వైరులా తయారయ్యాయి. ఆల్కహాలు దూదితో తుడిస్తే పోతుందనుకున్నాం. ఇంకా వెడల్పుగా పులుముకుంది.

కుదిరినది, సగం కుదిరినది

స్పేసరు మార్చాం. గాజు ముక్కల బదులు 8 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న అల్యూమినా (విద్యుత్తు పారనివ్వని పింగాణీ లాంటి పదార్థం) రింగు. మచ్చ 5 మిల్లీమీటర్లే కాబట్టి చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటరు ఖాళీ. పక్కనుంచి జరపడం మానేసి పైనుంచి దించేలా ఒక చిన్న ఫిక్స్చరు అన్న లేతు మీద తీసిపెట్టాడు. వైర్లు తిప్పి 900 వోల్టులు పెడితే ఒక నానోఆంపియర్ కూడా లేదు.

గ్యాపు వోల్టేజి లెక్కేసి మళ్లీ గీశాం. 2 మైక్రోఆంపియర్లకి 535 వోల్టులు, 190కి 700. టర్న్-ఆన్ మైక్రాన్‌కి 1.78. బీటా 2500. కొన దగ్గర క్షేత్రం నానోమీటరుకి 4.5 నుంచి 5.8 వోల్టులు. ఈ అంకెలు చూసి జూనియర్ ఏమీ అనలేదు, టైపు చేసుకుంది. ఫౌలర్-నార్డ్‌హైమ్ సూత్రాన్ని 1956లో మర్ఫీ, గుడ్ సవరించిన రూపం వాడితే బీటా ఓ 5 శాతం మారుతుంది. ఇక్కడి తప్పు పరిమాణం ముందు అది లెక్కలోకి రాదు. చదును లోహానికి రాసిన సూత్రాన్ని కార్బన్ మొనకి వాడుతున్నామన్న సంగతీ గుర్తుంది. కానీ వాలు ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికి అది చాలు.

కొలత సరిపడింది గానీ జబ్బు తగ్గలేదు. కరెంటు రాత్రికి సగమవుతూనే ఉంది. అయితే ఇప్పుడు దేన్ని చూస్తున్నామో తెలుసు. 190 మైక్రోఆంపియర్లు ఎన్ని మొనలు పంచుకుంటున్నాయో చూడాలనిపించింది. యానోడ్ స్థానంలో వాహక పూత ఉన్న గాజు మీద, ఎలక్ట్రాన్లు తగిలితే తక్కువ వోల్టేజికే వెలిగే జింక్ ఆక్సైడ్ ఫాస్ఫర్ పూసి పెట్టాం. షెడ్డులో దీపాలన్నీ ఆర్పి, చాంబరు కిటికీకి కళ్లు ఆనించి చూశాం. మచ్చంతా పచ్చగా వెలుగుతుందని క్లయింట్ ఆశ. కనిపించినవి ఇరవై చుక్కలు, కొంచెం అటూఇటూ. కొన్ని మిణుకుమంటున్నాయి. మిగతాదంతా చీకటి. ఒక చుక్క మా కళ్లముందే పెద్దగా వెలిగి ఆరిపోయింది.

అంటే ఒక్కో చోట 10 మైక్రోఆంపియర్లు. ఒక్క చుక్క వెనక ఒకటో రెండో ట్యూబులు ఉంటాయనుకుంటే అంత భారాన్ని రోజులతరబడి మోయలేవు. ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) డబ్బు కట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు తీయించాం. మినప చేలో అక్కడక్కడా మొలిచిన జొన్న మొక్కల్లా, మిగతావాటికంటే రెండింతలు పొడుగున్నవి కొన్ని తలెత్తి ఉన్నాయి. పని మొత్తం వాటిదే. అవి కాలిపోతే కరెంటు పడిపోతుంది. 2500 బీటా కూడా ఆ పొడుగువాటిదే గానీ మచ్చది కాదు.

కండిషనింగ్ చేశాం. వోల్టేజిని పది పది చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గర అరగంట ఆగుతూ పొడుగువాటిని మెల్లగా అరగదీయడం. చుక్కలు ఇరవై నుంచి అరవై దాకా పెరిగాయి, కావలసిన వోల్టేజి కూడా పెరిగింది. ఆశ పుట్టేలోపు నాలుగో బిళ్ల మీద స్పార్కు వచ్చి గుంట పడింది. బలాస్ట్ ఉండగా ఎందుకు వచ్చిందని ఆ రాత్రి ఇంటికి వెళ్తూ ఆలోచించాను, జవాబు ట్రాఫిక్‌లోనే దొరికింది. బెంగళూరు ట్రాఫిక్‌కి ఇదొక్కటే మంచి గుణం, ఆలోచించుకోవడానికి కావలసినంత టైమిస్తుంది.

ఒక చుక్క పిచ్చెక్కి 10 నుంచి 20 మైక్రోఆంపియర్లకి ఎగబాకిందనుకోండి. మొత్తం 190 కాస్తా 200 అయింది. రెసిస్టరు మీద అదనంగా దిగేది 10 వోల్టులు. 700లో 10. ఆ చుక్కకి అది తెలియను కూడా తెలియదు. వీధి మొత్తానికి ఒకే ఫ్యూజు పెట్టి, ఏ ఇంట్లో వైరు కాలుతోందో అది చూసుకుంటుందిలే అని పడుకున్నట్టు. ఇంటికో ఫ్యూజు కావాలి.

అందుకని ఒక పెద్ద మచ్చని తొమ్మిది చిన్న చుక్కలుగా విడదీసి, ఒక్కోదానికి విడిగా 10 మెగాఓమ్ ఇచ్చాం. మొత్తం 200 మైక్రోఆంపియర్లలో ఒక్కో చుక్క వాటా 22, రెసిస్టరు మీద దిగేది 220 వోల్టులు, అంటే పాత అమరికకి దగ్గర్లోనే. కానీ ఇప్పుడు ఏదైనా 10 మైక్రోఆంపియర్లు అదనంగా లాగితే దాని దగ్గర 100 వోల్టులు పడిపోతాయి. దానంతట అదే తల దించుకుంటుంది. మొత్తం వోల్టేజి ఖర్చు ఇంచుమించు అంతే ఉండగా అదుపు పది రెట్లయింది.

రెసిస్టర్లు వ్యాక్యూమ్ లోపలే ఉండాలి కాబట్టి అల్యూమినా పలక మీద థిక్ ఫిల్మ్ పద్ధతిలో అచ్చేయించాం. హైబ్రిడ్ సర్క్యూట్లు చేసేవాళ్లు బెంగళూరులో దొరకడం మా అదృష్టం. ఇక్కడ వరుస ముఖ్యం. రెసిస్టరు పేస్టు 850 డిగ్రీల దగ్గర కాలాలి, నానోట్యూబు ఆ వేడికి గాలిలో బతకదు. కాబట్టి ముందు రెసిస్టర్లు, తర్వాత నానోట్యూబులు నైట్రోజన్ ధారలో 400 డిగ్రీల దగ్గర. మొదటి పలకకి నైట్రోజన్ సిలిండరు మధ్యలో ఖాళీ అయింది, కొలిమి కంట్రోలరు కూడా సరిగా సెట్ చేయలేదు. పొద్దున తీసి చూస్తే నల్లటి తొమ్మిది చుక్కల బదులు తెల్లటి పలక. అన్న దాన్ని టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు.

రెండో పలక 200 మైక్రోఆంపియర్ల దగ్గర 120 గంటలు నడిచింది. స్పార్కు రాలేదు. ఆఖరికి కరెంటు 14 శాతం తగ్గింది. నాలుగో రోజున తొమ్మిదింటిలో ఒక చుక్క ఆరిపోయింది, దాని వాటాయే 11 శాతం. మిగిలిన ఎనిమిదీ కలిపి తగ్గింది మూడు శాతమే.

దీంట్లోంచి మేము మార్చుకున్నవి

ఇప్పుడు మా దగ్గరికి ఏ కాథోడ్ వచ్చినా, బేకింగ్ మొదలుపెట్టకముందే వైర్లు తిప్పి ఒకసారి కొలుస్తాం. ఐదు నిమిషాల పని. ఈ కేసులో నేను దాన్ని పదిహేనో రోజున చేశాను. ఖరీదైన పరీక్షతో మొదలుపెట్టడానికి కారణం నిజానికి తర్కం కాదు. క్లయింట్ వ్యాక్యూమ్ అన్నాడు, నా దగ్గర మంచి వ్యాక్యూమ్ ఉంది. చేతిలో ఉన్న పనిముట్టుకి తగిన రోగాన్నే చూశాను.

రిపోర్టులో బీటా పక్కన కొన దగ్గర క్షేత్రం కూడా రాయాలని నియమం పెట్టుకున్నాం. బీటా ఒక్కటే చూస్తే 6600 గొప్పగా కనిపిస్తుంది. పక్కన 19.7 అని ఉంటే అది తప్పని ఎవరికైనా కనిపిస్తుంది. నాయిస్ అని బిందువులు తీసేయడం జూనియర్ ఒప్పుకోదు. తీస్తే విడిగా, ఎందుకు తీశామో రాసి పెట్టాలంటుంది. నాకు కొంచెం చాదస్తంలా అనిపిస్తుంది గానీ ఈ కేసు తర్వాత నోరెత్తే హక్కు నాకు లేదు.

అన్నిటికంటే కష్టమైన సంభాషణ చివర్లో జరిగింది. 1.0 అని అందరికీ చెప్పుకున్న అంకె 1.78 అయింది. "మిగతావాళ్ల పత్రాల్లో 0.8, 0.9 అని ఉంటాయి సార్. ఇది చూపిస్తే మమ్మల్ని వెనకబడ్డారంటారు" అన్నాడు క్లయింట్. ఆ పత్రాల్లో వైర్లు తిప్పి కొలిచారో లేదో, రెసిస్టరు వోల్టేజి తీశారో లేదో వెతకమన్నాను. రెండు రోజుల తర్వాత ఫోను చేసి, టర్న్-ఆన్ అంకె కింద నిర్వచనం, గ్యాపు, లీకేజీ మూడూ రాసి డేటాషీటు మార్చామన్నాడు. గొంతులో సంతోషం లేదు. 120 గంటల గ్రాఫు మాత్రం మొదటి పేజీలో వేశారు.

ఆరిపోయిన ఆ చుక్క సంగతి ఇంకా తేలలేదు. వరుసలో అది ఏడోది, రింగు అంచుకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది. రెసిస్టరు పోయిందా, ట్యూబులు పోయాయా అన్నది పలకని బయటికి తీస్తేగాని తెలియదు. అన్న రెసిస్టరే అంటున్నాడు. జూనియర్ కాదంటోంది. ఇద్దరూ టీ పందెం వేసుకున్నారు. చాంబర్లో ఇప్పుడు వేరేవాళ్ల పని నడుస్తోంది, అది అయ్యేదాకా ఆ పలక తేమ తగలని డబ్బాలో, డెసికేటర్‌లోనే ఉంటుంది.